మూడో లైన్ ఎటునుంచి?

"ఆ బండి ఇంకొక్క అడుగు ముందుకొచ్చిందంటే ఈ సుత్తి మీ కాలి మీద పడుతుంది. తర్వాత నన్ననొద్దు."

ఆమె నాతో అన్న మొదటి మాటలివి. మీరెవరని అడగలేదు, కాస్త ఆగండని బతిమాలలేదు. స్కూలు ఆటస్థలం మధ్యలో గొంతుక్కూర్చుని, చేతిలో సుత్తితో తలెత్తి చూసింది. ఎండకి కళ్ళు చికిలించడం వల్ల అది కోపమో, మామూలు చూపో నాకు తేలలేదు. రెండూ కలిపే చూసిందని తర్వాత తెలిసింది.

నా బండికి మూడు చక్రాలు. అడుగున రాడార్ పెట్టె, పైన చిన్న స్క్రీన్. తోసుకుంటూ వెళితే అది నేలలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్ని గీతలుగా చూపిస్తుంది. చూపించడానికి నేల ఖాళీగా ఉండాలి కదా! నేను తోయాల్సిన దారి పొడవునా ఆవిడగారు నలభై ఎనిమిది ఇనుప మేకులు దిగ్గొట్టి పెట్టింది, మీటరుకొకటి చొప్పున. ఇనుము అడ్డొస్తే నా రాడార్‌కి ఇంకేదీ సరిగ్గా కనిపించదు.

"మేకులు తీసేయండి. నా పని గంటలో అయిపోతుంది," అన్నాను.

"నాది మూడు గంటలు. మీరే ఆగండి."

"నన్ను పొద్దున్నే మొదలుపెట్టమన్నారు."

"నన్ను సరిగ్గా చెయ్యమన్నారు."

ఇంకో మేకు నిలబెట్టి ఠంగుమని కొట్టింది. నేను నోరు మూసుకున్నాను. అలా మూసుకోవడం నా జీవితంలో అరుదు.

మా ఇద్దరినీ పిలిపించింది ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తాళాల గుత్తి ఎప్పుడూ చేతిలోనే. వారం కిందట పిల్లలు ఆడుకుంటుండగా వాలీబాల్ స్తంభం ఒకటి ఉన్నట్టుండి మోకాలి లోతు దిగబడింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ వెంటనే స్కూలు మూసేశారు. అక్కడంతా సున్నపురాయి నేల. వాననీళ్ళు వేల ఏళ్ళుగా ఆ రాతిని తొలుచుకుంటూ పోయి లోపల గుహలు చేస్తాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, కింద మాత్రం ఏమీ ఉండదు.

"నాకు రెండే విషయాలు కావాలి," అన్నారావిడ. "ఖాళీ ఎక్కడుంది? నా పిల్లలు కూర్చునే భవనం కింద ఉందా, లేదా? శనివారం బోరు లారీ వస్తోంది. మీ ఇద్దరూ కలిసి చూపించిన చోటే దాన్ని నిలబెడతాం. పన్నెండు టన్నుల లారీ. ఆలోచించి చూపించండి."

కలిసి అన్న మాట విని ఆమె నన్ను చూసింది. నేను బండి చక్రాన్ని చూసుకున్నాను.

కలవక తప్పదు మరి. ఆమె మేకుల్లోంచి నేలలోకి కరెంటు పంపిస్తుంది. కరెంటు పారని చోటు ఆమె బొమ్మలో ఎర్రగా వస్తుంది. చిక్కేమిటంటే, ఖాళీ గుహలో కరెంటు పారదు, గట్టి బండరాయిలోనూ పారదు. రెండూ ఎరుపే. ఆ ఎరుపుల్లో ఏది గుహో, ఏది బండో తేల్చి చెప్పగలిగేది నా రాడార్. అలాగని నన్నొక్కణ్ణే నమ్ముకోవడానికీ లేదు. నేల తడిసి బురదైతే నా తరంగాలు అక్కడే చచ్చిపోతాయి. ఆమె లేనిదే నాకు దారి లేదు, నేను లేనిదే ఆమెకు అర్థం లేదు. ఈ మాట మొదటి రోజే ఆమెతో అని ఉంటే సుత్తి నిజంగానే కాలి మీద పడేది.

రెండో రోజుకి నాకో పేరొచ్చింది.

"ఏమండీ తోపుడుబండీ! ఈ లైన్ అయిపోయింది, మేకులు పీకేశాను. ఇక తోసుకోండి."

"థాంక్యూ మేకులు గారూ."

నవ్వకూడదనుకుని నవ్వేసింది. నవ్వితే ఎడమవైపు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగి కనిపిస్తుంది. ఆ పన్ను చూడటం కోసం ఆ రోజంతా నేను వేసినన్ని కుళ్ళు జోకులు మా ఇంట్లో వేసి ఉంటే తరిమేసేవాళ్ళు.

ఆమె పద్ధతి వేరు. ప్రతి లైన్ చివర ఆగి, పుస్తకం తీసి, టైమెంత, ఎండా మబ్బా, లైన్ ఎటునుంచి ఎటు అన్నీ రాసుకునేది. సున్నా మీటరు గేటు దగ్గర, నలభై ఏడో మీటరు స్కూలు భవనం దగ్గర. నేను మాత్రం పొద్దున్నే కూర్చుని మూడు లైన్లకీ 'గేటు నుంచి భవనానికి' అని ముందే రాసి పెట్టుకున్నాను. ఆమె నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఇంకా తొయ్యని లైన్‌కి దిక్కు ఎలా రాశారు?"

"ఎప్పుడూ గేటు నుంచేగా మొదలుపెట్టేది. ఏం మారుతుంది?"

"ఏమీ మారదనుకున్న రోజే మారుతుంది," అంది. ఈసారి నవ్వలేదు. "శనివారం వచ్చే బోరు లారీ ఎవరిదో తెలుసా మీకు? మా నాన్నది."

నాకు తెలియదు.

"నాలుగేళ్ళ కిందట ఒక ఇంజనీరు ఇక్కడ గట్టి నేలే అని చూపిస్తే, నాన్న అక్కడే లారీ నిలబెట్టాడు. వెనక చక్రం దిగిపోయింది. మోకాలి చిప్ప పగిలింది. అప్పట్నుంచి నేను గట్టి నేల అని చెప్పిన చోటే నిలబెడతాడు. ఇంకెవరి మాటా వినడు. నేనీ చదువు చదివిందే అందుకు." కేబుల్ చుట్టడం మొదలుపెట్టింది. "ఈసారి నా మాటలో సగం మీ మాట. అందుకే అడుగుతున్నా."

"జాగ్రత్తగానే చేస్తానండీ," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ పుస్తకంలో రాసినది మాత్రం కొట్టెయ్యలేదు. ఆమె ముందు కొట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నా పౌరుషం.

మూడో రోజు, మూడో లైన్. అది తూర్పు గోడ వెంట సాగేది. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకొచ్చింది. నా బండి తడవకుండా భవనం వరండాలో పెట్టాను. ఆమె మేకులన్నీ పీకేసి, గేటు దగ్గర బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, కేబుల్ చుట్టుకుంటోంది. జడ ముందుకేసుకుంది. గాలికి పైట ఎగురుతుంటే మోచేత్తో అదిమి పెట్టుకుంటోంది.

"తోపుడుబండీ! వాన మొదలైతే మీ పని హుళక్కి. తొందరగా!"

బండిని గేటు దాకా తెచ్చి, మళ్ళీ భవనం వైపు తోయాలి. తోస్తే నలభై ఏడు మీటర్ల దూరం నా వీపు ఆమెకి, నా ముఖం ఒక గోడకి. భవనం దగ్గరే మొదలుపెడితే నలభై ఏడు మీటర్లూ ఆమెను చూస్తూ నడవచ్చు.

ఇందులో ఆలోచించేదేముంది?

బటన్ నొక్కి తోశాను. స్క్రీన్ మీద గీతలు పరిగెడుతున్నాయి. నేను వాటినీ చూశాను, అబద్ధమాడను. కానీ ఎక్కువ చూసింది మాత్రం వాటిని కాదు. సగం దూరంలో ఆమె తలెత్తి నన్ను చూసి, "ముందు చూసి తొయ్యి!" అని అరిచింది. నేను ముందే చూస్తున్నాను. ముందున్నది తనే కదా! పైగా 'తొయ్యి' అంది, 'తొయ్యండి' అనలేదు. ఆ మాటతో మిగతా దూరం కాళ్ళు నేల మీద ఆనలేదు.

నేను గేటు చేరేసరికి మొదటి చినుకు పడింది. ఇద్దరం ఒకే టార్పాలిన్ కింద దూరి, బండినీ కేబుల్నీ లోపలికి నెట్టి, మేం సగం సగం తడిశాం. ఆమె భుజం నా భుజానికి తగిలింది. తీసుకోలేదు.

"మూడో లైన్ గేటు నుంచేగా?" వాన చప్పుడులో అడిగింది. పుస్తకం ఒళ్ళో ఉంది, రాసుకోవడానికి.

మనసులో ఏదో చిన్నగా గుచ్చుకుంది. పుస్తకం తెరిచాను. 'గేటు నుంచి భవనానికి' అని నా చేతి రాతే ఉంది. గుచ్చుకున్నదేదో పోయింది.

"గేటు నుంచే," అన్నాను.

ఆమె రాసుకుంది.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద రెండు బొమ్మలూ పక్కపక్కన పరిచాం. మొదటి రెండు లైన్లలో పెద్దగా ఏమీ లేదు. మూడో లైన్‌లో ఆమెకు రెండు ఎర్ర మచ్చలు వచ్చాయి. ఒకటి పదమూడో మీటరు దగ్గర, ఇంకోటి ముప్పై నాలుగు దగ్గర. నా గీతల్లో పదమూడు దగ్గర గట్టి రాయి. ముప్పై నాలుగు దగ్గర రెండు మీటర్ల లోతులో బలమైన ప్రతిధ్వని, దాని కింద మళ్ళీ మళ్ళీ అదే గీత. గుహ కప్పు అలాగే కనిపిస్తుంది. ఆమె మచ్చలు, నా గీతలు ఇంత చక్కగా కుదరడం నేనెప్పుడూ చూడలేదు.

"అంటే గుహ భవనం వైపు ఉంది," హెడ్‌మిస్ట్రెస్ చేతిలో తాళాల గుత్తి బిగిసింది.

"అవును మేడమ్. గేటు వైపు పదమూడు దగ్గర గట్టి రాయి ఉంది. లారీని ముందు అక్కడ నిలబెట్టి, రాయి ఎలా ఉందో చూసుకుని, తర్వాత రెండో చోటు సంగతి తేలుద్దాం," అంది ఆమె.

"ఈ చివరన నలభై మూడు దగ్గర చిన్న కమాను గీత ఉందేం?" హెడ్‌మిస్ట్రెస్ నా బొమ్మ మీద వేలు పెట్టారు.

"నీళ్ళ పైపు మేడమ్. పైపులు అలాగే వస్తాయి."

"బాత్‌రూములు అటే ఉన్నాయిలెండి. అయ్యుంటుంది."

బయటికొచ్చాక మేకులు, అదే ఆమె, వరండా స్తంభానికి ఆనుకుని నా వైపు తిరిగింది. "నువ్వు తిన్నగా చెయ్యవేమోనని భయపడ్డాను. బాగా చేశావు," అంది. ఆ రోజంతా నా అంత మొనగాడు లేడు.

శనివారం ఎనిమిదింటికల్లా బోరు లారీ వచ్చింది. ఆమె తండ్రి కిందికి దిగారు. అడ్డంగా గట్టిగా ఉన్న మనిషి, ఎడమ కాలు కాస్త ఈడుస్తారు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన నిలబడటం వల్ల చెవులు సగం పోయాయి. అందుకే మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది.

"నువ్వేనా తోపుడుబండి?"

మొత్తం ఆటస్థలానికి వినిపించింది. ఆమె "నాన్నా!" అంది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంట్లో మూడు రోజుల నుంచీ ఇదే పేరు. మనిషి పేరేమో అనుకున్నా!"

నేను చేతులు జోడించాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "పదమూడులో గట్టి రాయి అంటోంది మా అమ్మాయి. నువ్వూ అదే అంటున్నావా?"

"అవునండీ."

"సరే." అంతే అన్నారు. మారుమాట లేకుండా లారీ ఎక్కారు.

పదమూడో మీటరు దగ్గర ఆమె ఎర్ర రిబ్బను కట్టిన కర్ర పాతింది. లారీ వెనక్కి వెనక్కి వచ్చి వెనక చక్రాలు ఆ కర్రకి రెండు పక్కలా నిలిచాయి. ఆయన దిగి లారీ వెనక మీటల దగ్గర నిలబడ్డారు. చెక్క దిమ్మల మీదికి ఇనుప జాకీలు దిగడం మొదలైంది. ఆమె తండ్రి పక్కనే నిలబడి లెవెల్ చూస్తోంది. ఇంజను చప్పుడుకి ఆటస్థలం అంతా అదురుతోంది.

నేను గేటు దగ్గర ఆమె బోర్లించిన అదే బకెట్ మీద కూర్చున్నాను. స్కూలు తోటమాలి రబ్బరు గొట్టం ఈడ్చుకుంటూ వచ్చాడు. బోరుకి నీళ్ళు కావాలి. తూర్పు గోడ పక్కన కుళాయికి గొట్టం తగిలిస్తూ, "ఈ పైపు మీద లారీ ఎక్కకుండా చూడండి బాబూ. గోడ నుంచి ఇలా అడ్డంగా పోతుంది, మోచెయ్యంత లోతులోనే ఉంది," అన్నాడు.

"ఇక్కడా పైపుందా? భవనం దగ్గర కదా ఉన్నది?" అన్నాను ఊరికే.

"అక్కడేం లేదే! బాత్‌రూములకి మేడ మీది ట్యాంకు నుంచి గోడ వెంట దిగుతాయి నీళ్ళు. నేలలో ఉన్నది ఇదొక్కటే. నా చేతుల్తో పాతాను."

ఆ కుళాయి గేటు నుంచి నాలుగు మీటర్లు ఉంటుంది.

నా బొమ్మలో పైపు నలభై మూడు దగ్గర ఉంది. నలభై ఏడులోంచి నలభై మూడు పోతే నాలుగు.

వాన, టార్పాలిన్, పుస్తకం, ముందే రాసి పెట్టుకున్న ఆ వంకర రాత, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నేను మూడో లైన్ భవనం నుంచి గేటుకి తోశాను. రాడార్ చక్రం నా మొదటి అడుగునే సున్నా అనుకుంది. నలభై ఏడులోంచి ముప్పై నాలుగు పోతే ఎంతో లెక్క వేయక్కర్లేకుండానే తెలిసిపోయింది. గుహ భవనం దగ్గర లేదు. ఆ ఎర్ర రిబ్బను కింద ఉంది. రిబ్బను పక్కన ఆమె ఉంది, వాళ్ళ నాన్న ఉన్నారు, పన్నెండు టన్నుల లారీ ఉంది.

"ఆపండి!" అని అరిచాను. నా గొంతు నాకే వినిపించలేదు.

పరిగెత్తాను. పదమూడు మీటర్లు. లారీ వెనక ఎర్రటి బటన్ ఒకటుంటుంది, ఆపదలో నొక్కడానికి. అరచేత్తో దాన్ని బాదాను. ఇంజను దగ్గి ఆగిపోయింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో ఆయన గొంతు ఉరిమింది.

"ఎవడ్రా అది?"

"తప్పుకోండి. ఇద్దరూ పక్కకి రండి. దీని కింద ఖాళీ ఉంది."

"ఖాళీ ముప్పై నాలుగులో కదా?" ఆమెకి అర్థం కాలేదు. "ఏం మాట్లాడుతున్నావ్?"

"మూడో లైన్ నేను అటునుంచి తోశాను. తిరగేసి తోశాను. గుహ ఇక్కడుంది."

ఆమె మెల్లగా తల దించి చూసింది. ఎడమ జాకీ కింద చెక్క దిమ్మ జానెడు లోతు మట్టిలోకి దిగి ఉంది. దాని చుట్టూ నేల మీద సన్నటి బీట ఒకటి వంపు తిరిగి ఉంది. మేం చూస్తుండగానే ఆ బీటలోకి మట్టి కొద్దికొద్దిగా జారుతోంది.

"నాన్నా, రా," అంది.

ఆయన బీటను చూశారు, తన ఎడమ మోకాలిని చూసుకున్నారు. "నువ్వు పో అమ్మా. గేటు దాటి నిలబడు. ఇతన్ని కూడా లాక్కుపో."

"నువ్వు?"

"జాకీలు ఎత్తి లారీ తియ్యాలి. ఇక్కడే వదిలేస్తే ఇంకా బరువు."

"వద్దు నాన్నా! లారీ పోతే పోనీ!"

"జాకీలు ఎత్తడం నిమిషం పని. పో అన్నానా!"

ఆమె కదల్లేదు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. వచ్చింది. గేటు దగ్గర నిలబడి పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజను మళ్ళీ మొదలైంది. ఆయన మీటల దగ్గర నిలబడి ఒక్కో జాకీ ఎత్తుతున్నారు. ఎడమది పైకి లేచినప్పుడు దిమ్మ అక్కడే ఉండిపోయింది. తర్వాత కుంటుకుంటూ ముందుకెళ్ళి స్టీరింగ్ దగ్గరికెక్కారు. అంత నెమ్మదిగా నడిచిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో ఆయనకేమన్నా అయితే నేనీ భూమ్మీద ఎవరికీ ముఖం చూపించలేను. దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ఎప్పుడూ తలవనివాళ్ళని కూడా.

లారీ కదిలింది. వెనక చక్రాలు మెల్లగా రిబ్బను వదిలి ముందుకొచ్చాయి. గేటు దాటి రోడ్డు మీద ఆగింది.

వెనక పదమూడో మీటరు దగ్గర పెద్ద చప్పుడేమీ రాలేదు. చెక్క దిమ్మ ఒక పక్కకి ఒరిగి, కనిపించకుండా పోయింది. అక్కడ పళ్ళెమంత నల్లటి కన్నం మిగిలింది. లోపలికి మట్టి రాలుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత తోటమాలి దూరంగా పడుకుని తాడుకి రాయి కట్టి వదిలితే నాలుగు మీటర్లు దిగింది.

ఆయన లారీ దిగి నేరుగా నా దగ్గరికొచ్చారు. ఆమె, హెడ్‌మిస్ట్రెస్, తోటమాలి, అందరూ చుట్టూ ఉన్నారు.

"అటునుంచి ఎందుకు తోశావు?"

"బండి వరండాలో ఉందండీ. వాన వచ్చేలా ఉంది. అక్కడి నుంచే..."

"రెండో లైన్‌కి కూడా వరండాలోనే ఉంది," ఆమె మధ్యలో అందుకుంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం లేవు. "అప్పుడు గేటు దాకా తెచ్చుకున్నావుగా. నేను రాసుకున్నాను. నిజం చెప్పు."

ఆ పుస్తకం నన్ను తప్పించుకోనివ్వలేదు. నిజానికి నాకూ తప్పించుకోవాలని లేదు.

"నువ్వు గేటు దగ్గర కూర్చున్నావు," అన్నాను. "గేటు నుంచి తోస్తే నీకు వీపు పెట్టి నడవాలి. అటునుంచి తోస్తే నిన్ను చూస్తూ నడవచ్చు. అందుకే తోశాను. దిక్కు ముందే రాసేసుకున్నాను, నువ్వు అడిగినప్పుడు పుస్తకం చూసి చెప్పాను, అసలు ఎటునుంచి నడిచానో గుర్తు చేసుకోలేదు. ఇంతే జరిగింది. నువ్వంటే నాకిష్టం. ఇలాంటి చోట, ఇలాంటప్పుడు చెప్పాల్సొస్తుందనుకోలేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని కూతురి వైపు తిరిగారు. "ఏమంటాడు?"

"ఏమీ లేదు నాన్నా."

"నాకు చాలావరకు వినిపించిందిలే," అన్నారాయన.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "మా నాన్న నీ గీతల మీద నిలబడ్డాడు," అంది. కొట్టి ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న బండి తీసుకుని ఒక్కణ్ణే వచ్చాను. రాత్రంతా నిద్ర లేదని వేరే చెప్పక్కర్లేదు. రిపోర్టులో తప్పు నాదని రాసి, మూడో లైన్ కన్నానికి దూరంగా మళ్ళీ చేసి, వెళ్ళిపోదామనుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే అక్కడున్నారు.

"ముప్పై నాలుగు దగ్గరున్నది బండరాయేనా?" అని అడిగారు.

"బండరాయే మేడమ్. భవనం వైపు గట్టిగా ఉంది. మళ్ళీ చూసి చెప్తాను."

ఆవిడ చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించారు. "నిన్న మీరు చెప్పకుండా ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదేమో. నేలదే తప్పనుకునేవాళ్ళం. వెనక గేటు నుంచి పిల్లల్ని రానిస్తాను, ఈ ఆటస్థలం మూసేస్తాను. కాకపోతే ఆ గుహ ఎంత వెడల్పుందో నాకు తెలియాలి. ఇంకో లైన్ వెయ్యండి."

"నాతోనే చేయిస్తారా మేడమ్?"

"అది వాళ్ళనడగండి."

గేటు దగ్గర లారీ ఆగి ఉంది. ఆమె, వాళ్ళ నాన్న వస్తున్నారు. ఆమె నా వైపు చూడకుండా పుస్తకం తెరిచి బండి మీద పెట్టింది. మూడో లైన్ కాగితం. 'గేటు నుంచి భవనానికి' అని తను రాసుకున్న మాటను ఒకే గీతతో కొట్టేసి ఉంది.

"తప్పు దిద్దితే కారణం రాయాలి. మా ఆఫీసు పద్ధతి," అంది. "చెప్పు, రాస్తాను."

"నిన్న చెప్పానుగా."

"నిన్న నేను రాసుకోలేదు."

నేను చెప్పలేకపోయాను. ఆమె కాసేపు చూసి, తనే రాసింది. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను: 'దిక్కు: భవనం నుంచి గేటుకి. కారణం: గేటు దగ్గర నేను కూర్చుని ఉండటం.' కింద తన సంతకం.

"నాది కూడా తప్పే," అంది పుస్తకంలోకే చూస్తూ. "నువ్వు అటునుంచి రావడం నేను చూశాను. ముందు చూసి తొయ్యమని అరిచింది నేనేగా? ఎదురుగా వస్తున్న మనిషిని చూస్తూ, గేటు నుంచే అని రాసుకున్నాను. నేనూ నిన్నే చూస్తున్నాను, దిక్కుని కాదు."

పుస్తకం తీసుకుని సంతకం పెట్టాను. కింద ఇంకో గడి ఉంది. 'సాక్షి' అని.

"ఇదెవరు పెట్టాలి?"

"నేను," అన్నారు వాళ్ళ నాన్న. నా చేతిలోంచి పెన్ను లాక్కుని, ఆమె రాసినది అక్షరం అక్షరం చదివి, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేశారు. "ఇది చిన్న కాగితం. పెద్దదానికి మీ అమ్మానాన్నల్ని కూడా రమ్మను," అని ఊరంతా వినపడేలా చెప్పి, కాలు ఈడ్చుకుంటూ లారీ వైపు వెళ్ళిపోయారు. తోటమాలి కుళాయి వైపు తిరిగి నవ్వుకున్నాడు.

"మేకులూ..." అన్నాను.

"ఏం మాట్లాడకు. నాకింకా కోపం పోలేదు," అంది. పోలేదని చూస్తేనే తెలుస్తోంది. "నాలుగో లైన్ గేటు నుంచే మొదలుపెట్టాలి. ఎంత దూరం తోస్తావో అంతా చూస్తాను."

"చేస్తాను."

"తోసింతర్వాతే రాస్తావు. ముందు కాదు."

"తర్వాతే."

ఆమె గేటు దగ్గరున్న ఆ బకెట్ చేత్తో పట్టుకుంది. గోడ వెంట, కన్నానికి దూరంగా, నలభై ఏడు మీటర్లు నడిచి వెళ్ళింది. భవనం మెట్ల ముందు బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని, జడ ముందుకేసుకుని నా వైపు తిరిగింది.

"ఇక తొయ్యి!" అని అరిచింది.

నేను బటన్ నొక్కాను.